శంకర్ గుహా నియోగి: గని కూలీలతో ఆసుపత్రి కట్టించిన కార్మిక నేత

భిలాయి (ఛత్తీస్‌గఢ్): 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలోని హడ్కో కాలనీలో, ఒక సాధారణమైన ఇంట్లో నిద్రిస్తున్న వ్యక్తిని కిటికీ గుండా కాల్చి చంపారు. ఆయన పేరు శంకర్ గుహా నియోగి. వయస్సు 48 సంవత్సరాలు. ఇనుప ఖనిజం తవ్వే కూలీలను సంఘటితం చేసిన నాయకుడిగా, మద్య వ్యతిరేక ఉద్యమకారుడిగా, ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా వ్యవస్థాపకుడిగా దేశం ఆయనను ఎరుగును. భిలాయికి దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా గనుల పట్టణంలో, ఆయన నాయకత్వాన కూలీలు స్వయంగా కట్టుకున్న శహీద్ ఆసుపత్రి గురించి మాత్రం ఆ ప్రాంతం వెలుపల తెలిసినవారు తక్కువ. ప్రమాదాల్లో గాయపడినవారికి, ప్రసవ సమయంలో ప్రాణాపాయంలో పడిన స్త్రీలకు తక్షణ వైద్యం ఎలా అందాలన్న విషయంలో నేటి పరిశోధనలు చెబుతున్న కొన్ని సంగతులను ఆ ఆసుపత్రి నలభై ఏళ్ల క్రితమే తన పద్ధతిలో ఆచరించింది. నియోగి జీవితంలో అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చిన అధ్యాయం ఇదే.

నియోగి 1943 ఫిబ్రవరి 14న ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. అసలు పేరు ధీరేశ్. బాల్యం అస్సాంలో గడిచింది. జల్పాయిగుడిలో చదువుకుంటూ విద్యార్థి ఉద్యమాల్లో పాల్గొన్నారు. 1960వ దశకం ఆరంభంలో ఉపాధి వెతుక్కుంటూ భిలాయి చేరారు. అప్పటికి భిలాయి పూర్తిగా కొత్త ఊరు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మించిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి తరలివచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు మూడు తరాలుగా ఆ ఊళ్లో స్థిరపడి ఉండడం మన పాఠకుల్లో చాలామందికి తెలిసిన విషయమే.

నియోగికి ఉద్యోగం దొరికింది కోక్ ఓవెన్ విభాగంలో. బొగ్గును గాలి తగలకుండా గంటల తరబడి కాల్చి కోక్‌గా మార్చే చోటు అది. ఆ ప్రక్రియలో వెలువడే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. బాధితుడు మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ అందిస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అంటే ప్రమాదస్థలికి ఆక్సిజన్ సిలిండరు ఎంత దగ్గరలో ఉందన్నదే బాధితుడి బతుకును చాలావరకు తేల్చివేస్తుంది. ఆ విభాగంలో పనిచేస్తూనే ఆయన దుర్గ్‌లో చదువు కొనసాగించారు. తోటి కార్మికులను కూడగట్టి బ్లాస్ట్ ఫర్నేస్ కార్యాచరణ సమితిలో ముఖ్యపాత్ర వహించారు. ఆ దశాబ్దం ముగియకముందే ఉద్యోగం పోయింది.

తరువాతి కొన్నేళ్లు ఆయన కమ్యూనిస్టు విప్లవ రాజకీయాల్లో ఉండి, వాటితో విభేదించి బయటకు వచ్చారు. అజ్ఞాతంలో పల్లెలు తిరిగారు. మేకలు అమ్మారు, చేపలు పట్టారు, పొలం పనులకు వెళ్లారు. ధీరేశ్ శంకర్‌గా మారింది ఈ కాలంలోనే. దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో రాళ్లు కొట్టే కూలీగా చేరి, అక్కడే తోటి శ్రామికురాలు ఆశను వివాహం చేసుకున్నారు. ఛత్తీస్‌గఢీ మాట్లాడే కూలీల మధ్య కూలీగా బతికిన ఈ సంవత్సరాలే ఆయనను తక్కిన కార్మిక నాయకుల నుంచి వేరుచేశాయని చెప్పాలి. ఎమర్జెన్సీలో ఆంతరంగిక భద్రతా చట్టం కింద అరెస్టయి పదమూడు నెలలు రాయపూర్ జైలులో ఉన్నారు.

ఆయన విడుదలయ్యేసరికి దల్లీ రాజహరా అట్టుడుకుతోంది. భిలాయి కొలిమికి కావలసిన ఇనుప ఖనిజం ఆ కొండల నుంచే వస్తుంది. శాశ్వత ఉద్యోగులు యంత్రాలతో తవ్వే గనులు కొన్ని, కాంట్రాక్టు కూలీలు సుత్తి, గడ్డపారలతో తవ్వే గనులు కొన్ని. మగవారు రాయి పగలగొడితే ఆడవారు తట్టలకెత్తి లారీల్లో పోసేవారు. ఒకే కర్మాగారం కోసం, ఒకే ఖనిజం తవ్వుతున్నా, శాశ్వత ఉద్యోగికి 308 రూపాయల బోనస్, కాంట్రాక్టు కూలీకి 70 రూపాయలు అంటూ పాత సంఘాలు ఒప్పందం చేసుకోవడంతో వేలాది కూలీలు ఆ సంఘాలను వదిలి బయటకు వచ్చారు. తమకు నాయకత్వం వహించమని నియోగిని పిలుచుకున్నారు. 1977లో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ అలా ఏర్పడింది. పని లేని రోజుకు కొంత కూలి, వానాకాలానికి ముందు గుడిసె బాగు చేసుకోవడానికి 100 రూపాయలు. కోరినవి ఇంతే.

1977 జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని యూనియన్ కార్యాలయం నుంచి తీసుకువెళ్లారు. కార్మికులు అడ్డగించారు. ఆ రాత్రి, మరునాడు జరిగిన కాల్పుల్లో పదకొండు మంది మరణించారు. వారిలో ఒక స్త్రీ, ఒక బాలుడు కూడా ఉన్నారు. గాయపడినవారు మరెందరో. సమ్మె విరమించకుండానే కూలీలు తమ కోర్కెలను సాధించుకున్నారు. తరువాతి సంవత్సరాల్లో కూలిరేట్లు గణనీయంగా పెరిగాయి. పెరిగిన డబ్బు సారా దుకాణాలకు పోతోందని గ్రహించిన సంఘం మద్యానికి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమమే నడిపింది. తాగి వచ్చే భర్తలతో విసిగిన స్త్రీ కార్మికులే దానికి వెన్నుదన్నుగా నిలిచారు.

కుసుంబాయి మరణం

ఆ సంఘానికి ఉపాధ్యక్షురాలు కుసుంబాయి అనే గని కార్మికురాలు. ప్రసవ సమయంలో ఆమెను పట్టణంలోని ఉక్కు కర్మాగారం ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ ఆమె మరణించింది. సకాలంలో పట్టించుకోలేదని, కాంట్రాక్టు కూలీ కావడమే అందుకు కారణమని కార్మికులు ఆరోపించారు. వేలాది మంది ఆ ఆసుపత్రి ముందు గుమిగూడారు. అప్పటికి వారి ఆగ్రహం ఏ రూపమైనా దాల్చగలిగేది. పైగా కాల్పుల్లో సాటివారిని పోగొట్టుకుని ఎంతో కాలం కాలేదు. ఆ ఆసుపత్రి మీద ఒక్క రాయి కూడా పడకుండా చూసి, తమ తల్లులకు, చెల్లెళ్లకు తామే ఒక ప్రసూతి ఆసుపత్రి కట్టుకోవాలన్న సంకల్పం వైపు ఆ జనాన్ని మళ్లించడం నియోగి నాయకత్వంలో అత్యంత కీలకమైన ఘట్టమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సంఘర్షణ, నిర్మాణం అనే రెండు మాటలను ఆయన ఎప్పుడూ జంటగా వాడేవారు. ఆ జంటకు రూపం వచ్చింది ఇక్కడే.

ప్రసవంలో తల్లులను బలిగొనే కారణాల్లో రక్తస్రావం ప్రపంచమంతటా ముందువరుసలో ఉంది. దీనిపై గత పదిహేనేళ్లలో వచ్చిన పరిశోధన గమనించదగ్గది. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఇరవై వేల మందికి పైగా తల్లులను పరిశీలించి, ట్రానెక్సామిక్ ఆమ్లం అనే చవక మందును మూడు గంటలలోపు ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయని తేల్చింది. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగిన మరో అధ్యయనం ఇంకా సులువైన దారి చూపింది. ప్రసవం కాగానే తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి అమర్చి, పోయిన రక్తాన్ని కంటి అంచనాతో కాకుండా కొలిచి చూడాలి. హద్దు దాటిన వెంటనే ఒకదాని తరువాత ఒకటి అని వేచి చూడకుండా చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి. ఈ పద్ధతి పాటించిన చోట తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఇతర విపత్తులు కలిపి 60 శాతం తగ్గాయి. ఇటువంటి కొలత సంచి అంతకు ఎంతో ముందే కర్ణాటకలోని బెళగావిలో రూపొందింది. ఈ చికిత్సలకు పెద్ద యంత్రం ఏదీ అక్కరలేదు. తల్లి పక్కన ఒక మనిషి నిలబడి గమనిస్తూ ఉండాలి. కుసుంబాయి విషయంలో కార్మికులు చేసిన ఆరోపణ కూడా సరిగ్గా అదే: పక్కన ఎవరూ లేరని.

సంకల్పం వెంటనే ఇటుకగా మారలేదు. 1981లో ఆరోగ్యం కోసం పోరాటం పేరిట ప్రచారం మొదలైంది. వినాయక్ సేన్, ఆశిష్ కుందు, పవిత్ర గుహ, సైబల్ జానా, చంచలా సమాజ్‌దార్ వంటి యువ వైద్యులు అదే సమయానికి అటూ ఇటుగా దల్లీ రాజహరా చేరారు. 1982 జనవరి 26న యూనియన్ ఆవరణలో చిన్న దవాఖానా తెరిచారు. పక్కనే ఆసుపత్రి భవనం లేచింది. పగలంతా గనిలో రాయి కొట్టినవారే సాయంత్రం వచ్చి పునాదులు తవ్వారు, ఇసుక మోశారు. తమ భత్యాల నుంచి చందాలు వేసుకున్నారు. బయటి విరాళాలు, విదేశీ నిధులు వస్తామన్నా వద్దనుకున్నారు. 1983 జూన్ 3న, ఆరేళ్ల క్రితం కాల్పులు జరిగిన రోజునే, 15 పడకలతో ఆసుపత్రి ప్రారంభమైంది. మంత్రులెవరూ రాలేదు. గని కార్మికుల్లోనూ, రైతుల్లోనూ అందరికంటే పెద్దవారైన ఇద్దరు వృద్ధులు తలుపు తెరిచారు. పదకొండు మంది మృతుల స్మారకంగా దానికి శహీద్ అనే పేరు పెట్టారు.

నియోగి వైద్యుడు కాదు. ఆసుపత్రి రోజువారీ నిర్వహణను ఆయన తన చేతిలో పెట్టుకోలేదు. వైద్యులు, కార్మికులు కలిసిన కమిటీ నిర్ణయాలు తీసుకునేది. గనిలో షిఫ్టు ముగించుకుని వచ్చిన కార్మికులే శిక్షణ పొంది గాయాలకు కట్లు కట్టేవారు, ఇంజెక్షన్లు ఇచ్చేవారు, రాత్రిళ్లు రోగుల వద్ద కాపలా ఉండేవారు. పల్లెటూళ్లలో ఆర్‌ఎంపీ వైద్యులు ప్రతి జబ్బుకూ సెలైను పెట్టడం, టానిక్కులు రాయడం మన తెలుగు నేలమీద కూడా చూసిన సంగతే. ఈ ఆసుపత్రి దానికి ఎదురునిలిచింది. విరేచనాలకు ఇంట్లోనే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఎలా ఇవ్వాలో, కాన్పు తొందరగా కావాలని ఇచ్చే సూది ఎందుకు ప్రమాదమో చిన్న చిన్న పుస్తకాల ద్వారా, ఛత్తీస్‌గఢీలో ప్రదర్శనల ద్వారా చెప్పింది. అనవసరమైన మందు రాయని ఆసుపత్రి అన్న పేరు తెచ్చుకోవడానికి మొదట్లో కష్టపడవలసి వచ్చింది. సూది వెయ్యకపోతే వైద్యమేమిటని అడిగే రోగులు అక్కడా ఉన్నారు.

రక్తం సంగతి

గని పట్టణంలో ఆసుపత్రి అంటే గాయాల ఆసుపత్రి. బండ జారి పడినవారు, లారీ కింద నలిగినవారు, పేలుడు రాయి తగిలినవారు. అటువంటివారికి మొదట కావలసింది రక్తం. పెద్ద ఊళ్లలో ఉండే బ్లడ్ బ్యాంకు అక్కడ లేదు. అయితే ఆ ఊళ్లో వేలాది కార్మికులు ఉన్నారు. వారిలో రక్తం ఇవ్వడానికి ముందుకు వచ్చినవారి పేర్లు నమోదయ్యాయి. అవసరమైనప్పుడు కబురు వెళ్లేది. మనిషి నడిచి వచ్చి, ఎవరో ముక్కూ మొహం తెలియని రోగికి రక్తం ఇచ్చి, తిరిగి పనికి వెళ్లేవాడు. సైనిక వైద్యంలో దీన్నే నడిచే బ్లడ్ బ్యాంకు అంటారు.

విచిత్రమేమంటే ప్రపంచ వైద్యం ఒక చుట్టు తిరిగి మళ్లీ అటువైపే చూస్తోంది. గత శతాబ్దం ద్వితీయార్ధంలో రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీసి ఏది కావాలంటే అది ఎక్కించడం రివాజైంది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల్లో తీవ్రంగా గాయపడిన సైనికులకు తోటి సైనికుల నుంచి అప్పటికప్పుడు సేకరించిన పూర్ణ రక్తాన్ని ఎక్కించిన అనుభవం ఆ ఆలోచనను మార్చింది. అమెరికాలోని కొన్ని నగరాల అంబులెన్సుల్లో ఇప్పుడు పూర్ణ రక్తం నిల్వ ఉంటోంది. 2018లో అమెరికాలోని ఎయిర్ అంబులెన్సుల్లో జరిగిన పరిశోధన, ఆసుపత్రికి చేరేలోపే ప్లాస్మా ఎక్కించిన క్షతగాత్రుల్లో 30 రోజుల మరణాలు 33 శాతం నుంచి 23 శాతానికి తగ్గినట్లు చూపింది. 2022లో బ్రిటన్ పరిశోధన మాత్రం దారిలో ఎర్రకణాలు, ప్లాస్మా ఇవ్వడానికీ, సెలైన్ ఇవ్వడానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని చెప్పింది. కాబట్టి చర్చ ముగియలేదు. ట్రానెక్సామిక్ ఆమ్లం విషయంలో అటువంటి సందిగ్ధత లేదు. 2010లో 40 దేశాలకు చెందిన ఇరవై వేల మంది క్షతగాత్రులపై ప్రకటించిన ఫలితాలు, గాయపడిన మూడు గంటలలోపు, అందునా మొదటి గంటలో ఇస్తే అది ప్రాణాలు నిలుపుతుందని, ఆలస్యమైతే హాని కూడా చేయవచ్చని స్పష్టం చేశాయి. ఆ పరిశోధనలో భారతీయ ఆసుపత్రులూ పాలుపంచుకున్నాయి.

ఇదే కాలంలో మన దేశపు చట్టం వేరే దిశలో నడిచింది. డబ్బుకు రక్తం అమ్ముకునేవారి ద్వారా హెచ్‌ఐవీ వంటి వ్యాధులు వ్యాపించడంతో 1996లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. 1998 జనవరి 1 నుంచి వృత్తిదాతల రక్తంపై నిషేధం వచ్చింది. లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు తప్ప మరెవరూ రక్తం సేకరించరాదు. ఆ బ్యాంకుకు కనీసం 100 చదరపు మీటర్ల స్థలం, నిర్ణీత సిబ్బంది, పరికరాలు ఉండాలి. ఈ నియమాలు అవసరమైనవే. వాటి వల్ల రక్తం సురక్షితమైంది. వాటి రెండో ఫలితం మాత్రం అడవి అంచుల్లోని చిన్న ఆసుపత్రులపై పడింది. పరీక్షలు చేసి దాత నుంచి నేరుగా రోగికి ఎక్కించే పద్ధతి అక్కడ నేరమైంది. సరిహద్దు ప్రాంతాల్లోని సైనిక ఆసుపత్రులకు, క్షేత్రస్థాయి సైనిక వైద్య కేంద్రాలకు మాత్రం ఇదే విషయంలో లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. తక్షణ పరీక్షలు అందుబాటులోకి వచ్చిన నేపథ్యంలో అదే సడలింపును మారుమూల పౌర ఆసుపత్రులకూ ఇవ్వాలని గ్రామీణ శస్త్రవైద్యుల సంఘం చాలాకాలంగా కోరుతోంది. వేరొక చోటి బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చి దాచుకునే నిల్వ కేంద్రాలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తల్లి బ్యాంకు దూరంగా ఉండి, నిల్వ నిండుకున్న రాత్రి అది అక్కరకు రాదు. నియోగి బతికి ఉన్న కాలంలో ఈ చిక్కు లేదు.

బైలదిల్లా పాఠం

తెలుగు పాఠకులకు విశాఖ రేవుతో పాటు పరిచితమైన పేరు బైలదిల్లా. అక్కడి ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో తూర్పు కనుమలు దిగి విశాఖ చేరి, అక్కడి నుంచి జపాన్‌కు ఎగుమతి అయ్యేది. 1978లో అక్కడ యంత్రాలు రావడంతో వేలాది కాంట్రాక్టు కూలీలు పని కోల్పోయారు. నిరసనలపై కాల్పులు జరిగాయి. దల్లీ రాజహరాలోనూ అదే యాంత్రీకరణ ప్రతిపాదన వచ్చినప్పుడు నియోగి బైలదిల్లాను ఉదాహరణగా చూపి పోరాడారు. యంత్రం వద్దనలేదు. మనిషి పని నిలుపుతూ, కష్టమైన, ప్రమాదకరమైన పనులను యంత్రానికి అప్పగించే మధ్యేమార్గాన్ని లెక్కలతో సహా ముందుకు తెచ్చారు. ఆ ప్రయత్నం చాలా ఏళ్లు యాంత్రీకరణను నిలువరించింది. ఈ పోరాటాలతో పాటే ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా విస్తరించింది. కార్మికులకు ఎరుపు, రైతులకు ఆకుపచ్చ అన్న భావనతో దాని జెండా రెండు రంగుల్లో ఎగిరింది. 1857 తిరుగుబాటు కాలంలో ఉరికంబమెక్కిన సోనాఖాన్ వీరుడు వీర్ నారాయణ్ సింగ్ స్మృతిని ప్రజల్లోకి తిరిగి తెచ్చింది కూడా ఈ ఉద్యమమే.

1990 నాటికి నియోగి మళ్లీ భిలాయికి చేరారు. ఈసారి ఉక్కు కర్మాగారం చుట్టూ వెలసిన ప్రైవేటు పరిశ్రమల కార్మికుల కోసం. ఏళ్ల తరబడి ఒకే యంత్రం వద్ద నిలబడినా వారు కాంట్రాక్టు కూలీలే. బతకడానికి సరిపడే వేతనం, శాశ్వత నియామకం, ప్రమాద భద్రత వారి కోర్కెలు. వేలాది మందిని పనిలోంచి తీసేశారు. 1991 ఫిబ్రవరిలో పాత కేసులు తిరగదోడి నియోగిని రెండు నెలలు జైల్లో ఉంచారు. సెప్టెంబర్‌లో కార్మికుల బృందంతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్‌కు విజ్ఞాపన పత్రం అందజేశారు. తనకు ప్రాణహాని ఉందని ఆయనకు తెలుసు. డైరీలో రాసుకున్నారు, ఒక క్యాసెట్‌లో తన మాటలు రికార్డు చేసి ఉంచారు. ఢిల్లీ నుంచి తిరిగి వచ్చిన కొద్ది రోజులకే హత్య జరిగింది. భౌతికకాయాన్ని దల్లీ రాజహరాకు తరలించారు. రెండు రంగుల జెండా కప్పి, జనసముద్రం మధ్య అంత్యక్రియలు నిర్వహించారు.

కేసు పద్నాలుగేళ్లు నడిచింది. 1997లో దుర్గ్ న్యాయస్థానం కాల్పులు జరిపిన వ్యక్తికి మరణశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలు సహా మరో ఐదుగురికి యావజ్జీవం విధించింది. మరుసటి ఏడాది మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన వ్యక్తికి మాత్రం యావజ్జీవ శిక్ష విధించి, తక్కినవారి విడుదలను ఖరారు చేసింది. ఈలోగా 1992 జూలై 1న భిలాయి పవర్‌హౌస్ రైల్వేస్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికులపై కాల్పులు జరిగాయి. కనీసం 16 మంది కార్మికులు నేలకొరిగారు.

భిలాయిలో పెద్ద ఆసుపత్రి లేకపోలేదు. సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి మధ్య భారతంలోనే పేరున్న వైద్యశాల. కాలిన గాయాల చికిత్సలో దాని విభాగం ప్రసిద్ధి చెందింది. ఆ నైపుణ్యం వెనుక కొలిమి ప్రమాదాల దీర్ఘానుభవం ఉంది. 2014 జూన్ 12న నీటి సరఫరా దెబ్బతిని గ్యాస్ శుద్ధి విభాగం నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడినప్పుడు ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు సహా ఆరుగురు మరణించారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ ప్రాంగణంలో, అంటే నియోగి ఒకప్పుడు పనిచేసిన విభాగంలోనే, గ్యాస్ పైపులైను మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచి పదిమందికి పైగా బలయ్యారు. చేతనైన ఆసుపత్రి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్నా కాపాడలేని గాయాలు ఉంటాయి. అవి జరగకుండా చూడవలసినది కర్మాగారమే.

దేశంలో అత్యవసర వైద్యం అప్పటికంటే చాలా ముందుకు వచ్చింది. పోలీసు లాంఛనాల కోసం ఎదురుచూడకుండా క్షతగాత్రుడికి వైద్యం చేయడం ప్రతి వైద్యుడి విధి అని సుప్రీంకోర్టు 1989లో, పరమానంద్ కటారా కేసులో తీర్పునిచ్చింది. రైలు నుంచి పడిపోయిన వ్యవసాయ కూలీని కలకత్తాలో ఒక ఆసుపత్రి తరువాత మరొకటి చేర్చుకోకుండా తిప్పి పంపిన ఉదంతంలో, అత్యవసర వైద్యం అందించడం రాజ్యం బాధ్యత అని 1996లో తేల్చిచెప్పింది. ఆ కేసు వేసింది కూడా ఒక కూలీ సంఘమే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఛత్తీస్‌గఢ్‌కూ విస్తరించింది. 2009లో అత్యవసర వైద్యం ప్రత్యేక స్నాతకోత్తర శాస్త్రంగా గుర్తింపు పొందింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేర నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మేలో అమల్లోకి తెచ్చింది. ఆ పథకం రోడ్డు ప్రమాదాలకే పరిమితం. గనిలో బండ కింద పడినవాడికి, ఇంటి ముంగిట నొప్పులు మొదలైన స్త్రీకి వేరే దారులు వెతుక్కోవాలి.

శహీద్ ఆసుపత్రి 1989లో రెండో అంతస్తు వేసుకుంది. నేడు వందకు పైగా పడకలతో నడుస్తోంది. రుసుములు తక్కువ, వరండాలో కూడా రోగులు ఉంటారు. ఏటా జూన్ 3న పదకొండు మందిని, సెప్టెంబర్ 28న నియోగిని అక్కడ స్మరిస్తారు. దల్లీ రాజహరా కొండల్లో ఖనిజం తరిగిపోతోంది, గని కార్మికుల సంఖ్యా తగ్గింది. భిలాయి కొలిమి కోసం రావ్‌ఘాట్ గనుల వైపు వేస్తున్న రైలుమార్గం దల్లీ రాజహరా నుంచే బయలుదేరి అంతాగఢ్ మీదుగా అడవిలోకి సాగుతుంది. ఆసుపత్రి బయట బారులు తీరేవారిలో ఇప్పుడు గని కూలీల కంటే ఆ దారి వెంబడి పల్లెల నుంచి వచ్చే గోండు, హల్బా రైతులే ఎక్కువ.